టోకెన్ నంబర్లు ఎక్కడికి పోయినయి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె. డిగ్రీ అయిపోయినంక మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లుల కంప్యూటర్ కాడ పనిచేస్తున్న. కాంటా నుంచి వచ్చే ఫైలును పీహెచ్‌పీ అనే ప్రోగ్రాం భాషతో చదివి, ఏ టోకెన్ మీద ఎవరి వడ్లు ఎన్ని క్వింటాళ్ళు వచ్చినయి, తేమ ఎంత, తరుగు ఎంత అని చూపించే పేజీ నేనే రాసిన. అన్నీ ఫర్ లూపులే. మొన్న హైదరాబాద్‌ల పనిచేసే మా సీనియర్ చూసి "దీనికంతా అర్రే ఫంక్షన్లు ఉన్నయి గదరా, ఇంత పొడుగు ఎందుకు రాసినవ్" అన్నడు. సిగ్గనిపించి మొత్తం మార్చిన. పొడుగు తగ్గింది, తప్పులు పెరిగినయి. పొద్దటి లిస్టు, మాపటి లిస్టు కలిపితే టోకెన్ నంబర్లు పోయి 0, 1, 2 అని వస్తున్నయి. తేమ తక్కువ నుంచి ఎక్కువకు వరస పెట్టమంటే 16.8 ముందు, 16.2 తర్వాత వస్తున్నది. 17 దాటిన బండ్లను తీసేసి చూపిస్తే ఒకరోజు పేజీ మంచిగ వస్తది, ఒకరోజు ఫోన్‌ల ఖాళీగ కనిపిస్తది. తరుగు లిస్టుల కొందరు రైతులే కనిపిస్తలేరు. యాసంగి వడ్లు దిగుడు మొదలైంది, సేటు తొందర పెడుతున్నడు. మళ్ళ లూపులే రాసుకోవాల్నా? ఇన్ని ఫంక్షన్లు గుర్తు పెట్టుకునుడు ఎట్ల?

సమాధానం: తమ్మీ, ముందుగాల ఆ సిగ్గు సంగతి పక్కకు పెట్టు. లూపు, అంటే ఒకే పనిని ఒక్కో బండి మీద మళ్ళ మళ్ళ చేయించుడు, రాయడం తక్కువ పని కాదు. నీ పాత పేజీ రైతుల లెక్క సరిగ చూపించిందంటే అది మంచి పేజీనే. అయితే నీ సీనియర్ చెప్పింది కూడా తప్పు కాదు, సగం చెప్పిండు అంతే. ఫంక్షన్, అంటే భాషలో ముందే రాసి పెట్టిన పనిముట్టు, ఏం పని చేస్తదో చెప్పిండు గని, పని చేసేటప్పుడు నీ కీలను, అంటే టోకెన్ నంబర్ లాంటి గుర్తులను, ఏం చేస్తదో చెప్పలేదు. నువ్వు రాసిన నాలుగు తప్పుల్లో రెండు అక్కడి నుంచే వచ్చినయి.

పీహెచ్‌పీలో అర్రే అంటే వరసగా పేర్చిన బస్తాలు అనుకుంటం. అది కాదు. ప్రతి బస్తా మూతికి ఒక చీటీ కట్టి ఉంటది. ఆ చీటీనే కీ. నువ్వు చీటీ కట్టకపోతే అదే 0, 1, 2 అని కట్టుకుంటది. నువ్వు టోకెన్ నంబర్ కడితే అదే ఉంచుతది. వేరే చానా భాషల్లో వరస లిస్టు వేరు, చీటీల లిస్టు వేరు. పీహెచ్‌పీలో రెండూ ఒక్కటే. అందుకే ఒక్కో ఫంక్షన్ నీ అర్రేను ఒక్కో తీరుగ అర్థం చేసుకుంటది. కొన్ని చీటీలను ముట్టుకోవు, కొన్ని తెంపి కొత్తవి కడతయి. ఏది ఏం చేస్తదో తెలిస్తే చాలు. మిగతాది మాన్యువల్ తెరిచి చూసుకోవచ్చు, నేను ఇప్పటికీ చూస్తనే ఉంట.

టోకెన్ల సంగతి మొదలు చూద్దాం. పొద్దున 125, 126 టోకెన్లు, మాపటికి 127 వచ్చినయనుకో. 125కు 42.60 క్వింటాళ్ళు, 126కు 38.20, 127కు 51.40. నువ్వు అర్రే_మర్జ్‌తో కలిపితే మూడు బరువులూ వచ్చినయి, చీటీల మీద మాత్రం 0, 1, 2 అని ఉన్నది. "ఫైల్ నుంచి చదివిన టోకెన్ అంకె కాదు, స్ట్రింగ్ కదా" అని నీకు అనిపించొచ్చు. నిజమే, ఫైల్ నుంచి వచ్చినప్పుడు అది స్ట్రింగే, అంటే అక్షరాల ముక్కనే. కని కీగా పెట్టంగనే "125" అనే స్ట్రింగును పీహెచ్‌పీ 125 అనే అంకెగ మారుస్తది. నువ్వు అడగలేదు, అది చెప్పలేదు. అర్రే_మర్జ్‌కేమో అంకె కీ అంటే వరస నంబరే, దాన్ని మొదటి నుంచి మళ్ళ రాసేస్తది. స్ట్రింగు కీ అయితే ముట్టదు. నీ టోకెన్లు "0125" అని సున్నాతో మొదలైతే అవి స్ట్రింగుగనే ఉంటయి, వాటిని మర్జ్ కూడా వదిలేస్తది. అంటే నంబరు ముందు ఒక సున్నా ఉందా లేదా అన్నదాన్ని బట్టి నీ పేజీ నడుస్తది, లేకుంటే ఆగుతది. ఇది తెలియక తలలు పట్టుకున్నోళ్ళు చానామంది ఉన్నరు, నువ్వు ఒక్కనివే కాదు.

కావాల్నంటే రెండు దార్లు. రెండు అర్రేల మధ్య + గుర్తు పెడితే కీలు అట్లనే ఉంటయి. అర్రే_రీప్లేస్ వాడినా ఉంటయి. తేడా ఎక్కడంటే, ఒకే టోకెన్ రెండు దిక్కులా ఉన్నప్పుడు. + అయితే ఎడమ పక్కది, అంటే పొద్దటిది ఉంచి మాపటిది వదిలేస్తది. రీప్లేస్ అయితే మాపటి దానితో పొద్దటిదాన్ని కొట్టేస్తది. రైతు తేమ ఎక్కువుందని వాపసు పోయి, ఆరబోసి మళ్ళ తెచ్చి కాంటా పెట్టించిండనుకో, మాపటి లెక్కనే సరైంది, రీప్లేస్ వాడాలి. అదే టోకెన్ మీద రెండో ట్రాక్టర్ వచ్చిందనుకో, రెండూ తప్పే. అక్కడ రెండు బరువులు కూడాలి. కూడే పని + గుర్తు చేయదు, పేరుకు ప్లస్సే గని అర్రేల మధ్య పెడితే కూడిక కాదు. ఆ పనికి నీ పాత ఫర్‌ఈచ్ లూపే సరైంది: ఒక్కో బండిని తీసుకొని, ఆ టోకెన్ ఇప్పటికే ఉంటే బరువు కలుపు, లేకుంటే కొత్తగ పెట్టు. నాలుగు లైన్లు. ఎవరు చదివినా అర్థమైతది. దానికి పొట్టి రూపం వెతకకు.

ఇంక తేమ వరస. నువ్వు కోడ్ పంపలేదు గని, నాకు తెలిసి నువ్వు యూసార్ట్‌కు, అంటే మనం చెప్పిన పోలిక ప్రకారం వరస పెట్టే ఫంక్షన్‌కు, ఇచ్చిన పోలిక ఫంక్షన్‌లో ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి ఆ తేడాను రిటర్న్ చేసినవ్. 16.8లోంచి 16.2 తీసేస్తే 0.6. యూసార్ట్‌కు కావాల్సింది పూర్ణాంకం. 0.6ను అది 0 చేసుకుంటది. 0 అంటే దాని లెక్కల రెండూ సమానం. సమానమైనవాటిని 8.0 వెర్షన్ నుంచి పీహెచ్‌పీ ఉన్న వరసలోనే ఉంచుతది. ఫైల్‌లో 16.8 బండి ముందు వచ్చింది కాబట్టి అదే ముందు కూర్చున్నది. 15.1, 17.4 లాంటివి మాత్రం సరిగనే వచ్చి ఉంటయి, వాటి తేడా ఒకటి దాటుతది కాబట్టి. అందుకే చూడంగనే తప్పు దొరకదు. వరస పెట్టినట్టే కనిపిస్తది, దగ్గర దగ్గర అంకెల కాడ మాత్రం తారుమారు. వడ్ల తేమలో పాయింట్ల తేడాకే కదా రైతుకు, మిల్లుకు పంచాయితీ.

దీనికి మందు చిన్నది. 2015 డిసెంబర్‌ల పీహెచ్‌పీ 7 వచ్చినప్పటి నుంచి <=> అనే గుర్తు ఉన్నది. స్పేస్‌షిప్ అంటరు దాన్ని. ఎడమది చిన్నదైతే -1, సమానమైతే 0, పెద్దదైతే 1 ఇస్తది. ఇట్ల రాయి. వేరియబుల్ (విలువ దాచుకునే డబ్బా) పేర్లు, కీల పేర్లు తెలుగులో ఉన్నా పీహెచ్‌పీ తీసుకుంటది, ఫంక్షన్ పేర్లు మాత్రం టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి:

యూఏసార్ట్($బండ్లు, ఎఫ్ఎన్($ఒకటి, $రెండు) => $ఒకటి['తేమ'] <=> $రెండు['తేమ']);

యూసార్ట్ కాకుండ యూఏసార్ట్ అని ఎందుకు రాసిన్నో చూడు. యూసార్ట్ చీటీలు తెంపుతది. మధ్యల ఆ ఏ అక్షరం ఉంటే కీలు వాటి బస్తాలకే ఉంటయి. సార్ట్ ఫంక్షన్లు ఓ తొమ్మిది పది ఉన్నయి గని పేర్లలోనే అంతా చెప్పి పెట్టిండ్రు. ఏ ఉంటే కీ నిలుస్తది. కే ఉంటే కీ ప్రకారమే వరస పెడతది. ఆర్ ఉంటే పెద్దది ముందు. యూ ఉంటే పోల్చే ఫంక్షన్ నువ్వు ఇవ్వాలి. వట్టి సార్ట్, ఆర్‌సార్ట్, యూసార్ట్ ఈ మూడు కీలను ఉంచవు. ఇంకొక్కటి: ఇవన్నీ నువ్వు ఇచ్చిన అర్రేనే అక్కడికక్కడ మారుస్తయి. "$వరస = యూఏసార్ట్(...)" అని రాస్తే $వరసలో వడ్ల లెక్క ఉండదు, ట్రూ అనే ఒక్క ముక్క ఉంటది.

ఇదే చోట నీ ఫైల్‌ను కూడా ఒకసారి చూసుకో. కొన్ని మిషన్లు తేమను "16.8%" అని శాతం గుర్తుతో సహా రాస్తయి. అట్ల ఉంటే అది పీహెచ్‌పీకి అంకె కాదు, అక్షరాలు. అప్పుడు స్పేస్‌షిప్ కూడా అక్షరం అక్షరం పోల్చి "9.5%" అనేదాన్ని "16.8%" కంటే పెద్దదని చెప్తది, 9 అనే అక్షరం 1 కంటే పెద్దది కాబట్టి. చదవంగనే ఫ్లోట్‌వాల్‌తో అంకె చేసి పెట్టుకో. ఆ శుభ్రం చేసే పని అంతా ఫైల్ చదివే కాడనే అయిపోవాలి, తర్వాత ఎక్కడా అనుమానం ఉండొద్దు.

ఒకరోజు వచ్చి ఒకరోజు రాని పేజీ గురించి. ఇది నాకు బాగ ఇష్టమైన తప్పు, ఎందుకంటే కారణం తెలిస్తే మళ్ళ జన్మల మర్చిపోము. అర్రే_ఫిల్టర్ పనికిరాని వాటిని తీసేస్తది గని మిగిలినవాటి కీలను అస్సలు ముట్టదు. అయిదు బండ్లు 0 నుంచి 4 దాకా ఉన్నయి, అందులో 1వ బండి తేమ 18 ఉన్నది, తీసేసినవ్. మిగిలిన కీలు 0, 2, 3, 4. మధ్యల 1 లేదు. ఇప్పుడు దీన్ని జేసన్‌గ, అంటే ప్రోగ్రాంలు ఒకదానికొకటి లెక్కలు పంపుకునే రాత రూపంల, మార్చి ఫోన్‌కు పంపితే, పీహెచ్‌పీ కీలు చూస్తది. 0 నుంచి తెగకుండ వరసగా ఉంటేనే దాన్ని లిస్టుగ, చదరపు బ్రాకెట్లల్ల పంపుతది. ఒక్కటి తెగినా ఆబ్జెక్టుగ, మీసాల బ్రాకెట్లల్ల పంపుతది. ఫోన్‌ల పేజీని నడిపే నీ జావాస్క్రిప్ట్ లిస్టు వస్తదని ఎదురుచూస్తది, ఆబ్జెక్టు మీద లిస్టు పనులు నడవవు, పేజీ ఖాళీ. మరి కొన్ని రోజులు ఎందుకు వచ్చింది? ఆ రోజుల్ల 17 దాటిన బండి ఒక్కటి కూడా లేదు, లేకుంటే ఉన్నవన్నీ ఫైల్ చివర్ల ఉన్నయి. చివరివి పోతే 0, 1, 2 వరస తెగదు కదా. మీ దిక్కు పొద్దున తెచ్చే వడ్లల్ల మంచు తేమ ఎక్కువుండే రోజున పేజీ పడిపోయి ఉంటది, చూసుకో.

మందు: పంపే ముందర అర్రే_వాల్యూస్ అని ఒక్కసారి చుట్టు. పాత చీటీలు తీసేసి 0 నుంచి కొత్తవి కడతది. ఇందాక తప్పు అని తిట్టుకున్న పని ఇక్కడ నీకు కావాల్సిన పని. అయితే టోకెన్ నంబరును కీలోనే పెట్టుకున్న అర్రే మీద ఇది చేస్తే మళ్ళ టోకెన్లు పోతయి. అందుకే ప్రతి బండి వరసలో టోకెన్‌ను కూడా ఒక గడిగా పెట్టుకో, పేరు, బరువు, తేమ పక్కన. చీటీ తెగినా బస్తా మీద నంబరు రాసి ఉన్నట్టు.

తరుగు లిస్టులో మాయమైన రైతులు కూడా ఫిల్టర్ పుణ్యమే. ఖాళీ గడులు తీసేద్దామని అర్రే_ఫిల్టర్‌ను ఫంక్షన్ ఇవ్వకుండ వట్టిగ పిలిచి ఉంటవ్. అట్ల పిలిస్తే అది ఖాళీ స్ట్రింగు, నల్ (విలువే లేనిది), ఫాల్స్ (కాదు అనే జవాబు) మాత్రమే కాదు, 0ను కూడా తీసేస్తది. "0" అనే స్ట్రింగును కూడా. ఆరబోసి, తూర్పార పట్టి, తాలు లేకుండ తెచ్చిన రైతుకు తరుగు సున్నా. అందరికంటే మంచి వడ్లు తెచ్చిన మనిషి పేరే నీ పేజీలో లేదు. ఇంకో చిత్రం, ఫైల్‌లో "0.00" అని ఉంటే అది పోదు, స్ట్రింగుగ ఉన్న "0.00"ను పీహెచ్‌పీ ఖాళీ అనుకోదు. అంకెగా మార్చినవా, పోతది. కాబట్టి వట్టి ఫిల్టర్ అలవాటు మానుకో. ఏది తీసెయ్యాలో నువ్వే చెప్పు: నల్ కానిది, ఖాళీ స్ట్రింగు కానిది ఉంచు అని. రెండింటినీ === కుటుంబంతో, అంటే మూడు గుర్తుల పోలికతో పోల్చు.

ఫిల్టర్‌కు ఫంక్షన్ ఇచ్చేటప్పుడు ఇంకో మెలిక తగులుతది. అర్రే_ఫిల్టర్‌కు అర్రే ముందు, ఫంక్షన్ తర్వాత. ప్రతి గడిని మార్చి కొత్త అర్రే ఇచ్చే అర్రే_మ్యాప్‌కు ఫంక్షన్ ముందు, అర్రే తర్వాత. మ్యాప్‌కు ఒకటి కాదు, ఎన్ని అర్రేలైనా ఇవ్వొచ్చు, అందుకని ఫంక్షన్ ముందుకు పోయింది. 1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ తన సొంత పేజీల కోసం రాసుకున్న పనిముట్లను బయటపెట్టినప్పుడు ఇది ఇంత పెద్ద భాష అయితదని ఎవరూ ఒక నక్షా గీసి పెట్టలేదు, తర్వాత ఒక్కొక్కటి చేరుకుంటూ వచ్చినయి. కాబట్టి వరస గుర్తుండకపోతే నీ తెలివిని అనుమానించకు, ఎడిటర్ చూపించే సూచన చదువు. 17 అనే హద్దును బయట వేరియబుల్‌లో పెట్టుకుంటే, మామూలు ఫంక్షన్ లోపలికి అది కనిపించదు, యూజ్ అని రాసి తీసుకపోవాలి. 7.4 నుంచి వచ్చిన ఎఫ్ఎన్ అనే పొట్టి రూపంలో అయితే దానంతట అదే కనిపిస్తది.

ఇప్పుడు నిజంగ నీ పని తగ్గించే ఫంక్షన్ల గురించి చెప్త. నా లెక్కల నీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అర్రే_కాలమ్. బండ్ల అర్రేలోంచి ఒక్క గడినే నిలువుగ కోసి ఇస్తది. రోజంతా ఎన్ని క్వింటాళ్ళు వచ్చినయి?

$మొత్తం = అర్రే_సమ్(అర్రే_కాలమ్($బండ్లు, 'బరువు'));

ఒక్క లైను, చదవంగనే అర్థమైతది. ఇట్లాంటి చోట లూపు రాయడమే వృథా. బరువును క్వింటాళ్ళ దశాంశాల్లో కాకుండ కిలోల్లో పూర్ణాంకంగ ఉంచుకుంటే ఇంకా మంచిది, 42.60కు బదులు 4260. దశాంశాలను కూడితే చివర్ల ఎక్కడో తేడా వచ్చి గుమాస్తా పుస్తకంతో కుదరదు. చూపించేటప్పుడు వందతో భాగించుకో. పైసలు కూడా అంతే.

అర్రే_కాలమ్‌కు బ్రాకెట్లల్ల ఇచ్చేవాటిల్ల రెండో మాటగా నల్, మూడో మాటగా 'టోకెన్' ఇస్తే, బండ్లన్నిటికీ టోకెన్‌ను కీగా కట్టి ఇస్తది. తర్వాత 126 ఎవరిది అంటే వెతకాల్సిన పని లేదు, నేరుగా తీసుకోవచ్చు. ఒకే టోకెన్ రెండుసార్లు ఉంటే మాత్రం చివరిదే మిగులుతది, నోరు మెదపదు. అందుకని కౌంట్‌తో ముందు ఎన్ని, తర్వాత ఎన్ని అని చూసుకో. 48 బండ్లు పోయి 46 కీలు వచ్చినయంటే రెండు టోకెన్లు రెండుసార్లు, లేకుంటే ఒక్కటే మూడుసార్లు ఉన్నట్టు. ఆ ఒక్క లైను పేజీ మీద ఎర్ర అక్షరాల్లో చూపించు.

వెతికే ఫంక్షన్ల కాడ మూడో మాట మర్చిపోకు. ఇన్_అర్రే, అర్రే_సెర్చ్ రెండూ చెప్పకపోతే వదులుగ పోలుస్తయి. "0125", "125" వాటికి ఒక్కటే. మీ మిల్లుల షెడ్డుకొక అక్షరం పెట్టి టోకెన్ రాస్తే ఇంకా ప్రమాదం. ఇంగ్లిష్ ఈ అక్షరంతో 12ఈ1 అని రాసిన టోకెన్‌ను పీహెచ్‌పీ "12 ఇంటూ పది" అని చదివి 120తో సమానమంటది. చివర ట్రూ అని పెడితే ఉన్నది ఉన్నట్టు పోలుస్తది. అర్రే_సెర్చ్ దొరికిన దాని కీ ఇస్తది, మొదటి బండే దొరికితే కీ 0, ఇఫ్‌లో 0 అంటే లేదన్నట్టు. ఫాల్స్ కాదా అని మూడు గుర్తులతోనే అడగాలి. 2024 నవంబర్‌ల వచ్చిన 8.4లో అర్రే_ఫైండ్, అర్రే_ఎనీ, అర్రే_ఆల్ అని చేర్చిండ్రు. ఒక్క బండి అయినా 17 దాటిందా అని అర్రే_ఎనీతో ఒక్క ముక్కలో అడగొచ్చు. మీ హోస్టింగ్‌ల ఏ వెర్షన్ ఉందో చూసుకొని వాడు, పాతదైతే ఆ పేర్లే దానికి తెలియవు.

"మళ్ళ లూపులే రాసుకోవాల్నా" అన్నవు కదా. లూపు అంటే భద్రం అనుకోకు, దానికి నాకు తగిలిన దెబ్బ చెప్త. చానా ఏండ్ల కింద మహబూబ్‌నగర్ దిక్కు ఒక అడ్తి దుకాణానికి పల్లికాయ చీటీలు కొట్టే ప్రోగ్రాం రాసిన. మొదటి ఫర్‌ఈచ్‌లో ప్రతి రైతు లెక్కలోంచి హమాలీ కోసెయ్యాలి. అర్రేలోనే మారాలి కాబట్టి వేరియబుల్ ముందు & గుర్తు పెట్టిన. కింద ఇంకో ఫర్‌ఈచ్‌లో అదే పేరు వేరియబుల్ వాడి, & లేకుండ, చీటీలు అచ్చు కొట్టిన. రెండు లూపులు, ఎవరు చూసినా తప్పు పట్టలేరు. సాయంత్రం ఒక పెద్దాయన చీటీ పట్టుకొని కౌంటర్ కాడ నిలబడ్డడు. ఆయనకు చదువు రాదు. పక్కాయనతో చదివించుకున్నడు. "బిడ్డా, నేను తెచ్చింది 18 సంచులు, ఇందుల 11 అని ఉన్నదంట" అన్నడు. నేను ఫైల్ తెరిచి చూస్తే 18 అనే ఉన్నది. చీటీలో మాత్రం ఆయన ముందు రైతు లెక్క.

ఏమైందంటే, & పెట్టిన లూపు అయిపోయినంక కూడా ఆ వేరియబుల్ అర్రేలో ఆఖరి గడికి కట్టేసే ఉంటది. రెండో లూపు ఒక్కో రైతును ఆ వేరియబుల్‌లోకి తీసుకుంటుంటే, ప్రతిసారీ ఆఖరి గడిలోనే రాస్తున్నది. ఆఖరి గడి వంతు వచ్చేసరికి అందులో దాని ముందటి రైతు లెక్క ఉన్నది. అంటే రోజూ ఆఖరున వచ్చిన మనిషికి, ఆయన ముందు మనిషి చీటీ పోతున్నది. అప్పటికి ఆ ప్రోగ్రాం పెట్టి మూడో రోజు. ముందు రెండు రోజులు ఆఖరున వచ్చినోళ్ళు అడగలేదు. ఆ ఇద్దరి ఊర్లు అడిగి కనుక్కొని దుకాణమాయనతో లెక్క సరిచేయించేదాకా నాకు అన్నం సయించలేదు. లూపు అయిపోంగనే అన్‌సెట్ అని ఆ వేరియబుల్‌ను తెంపేస్తే సరిపోయేది. ఇంకా మంచిది, అర్రే_మ్యాప్ వాడి కొత్త అర్రే తీసుకుంటే & గుర్తు అవసరమే రాదు. ఒక్క అర్రేనే ఇస్తే మ్యాప్ కీలను అట్లనే ఉంచుతది కూడా. అప్పటి నుంచి నేను ఫర్‌ఈచ్‌లో & పెట్టలేదు.

కాబట్టి లూపా, ఫంక్షనా అని ఒక పక్షం పట్టకు. ఒక గడి కోసుడు, కూడుడు, ఏరుడు, వరస పెట్టుడు, వీటికి ఫంక్షన్లు. ఒకే టోకెన్ రెండు బండ్లు కలిపే లాంటి పనికి, మధ్యల షరతులు ఉండే పనికి లూపు. ఫిల్టర్‌లో మ్యాప్, మ్యాప్‌లో రెడ్యూస్ (అర్రే అంతా ఒక్క విలువకు కుదించేది) దూర్చి ఒక్క లైన్‌లో రాసేది నాకు నచ్చదు. ముఖ్యంగ అర్రే_రెడ్యూస్ రాసినోనికి ఆ రోజు అర్థమైతది, నెల తర్వాత ఆయనకే అర్థం కాదు. రేపు నువ్వు హైదరాబాద్ పోతే నీ కుర్చీల కూసునేటోడు చదవాలి దాన్ని. ఇంకో మాట, ఈ లెక్కంతా రేపు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ల పెట్టుకుంటే టోకెన్ వారీ కూడికలు దాని గ్రూప్ బై ఆదేశంతో అక్కడనే చేయించు. సీజన్ మొత్తం బండ్లను అర్రేలోకి లాగి పీహెచ్‌పీతో కూడించే పని పెట్టుకోకు.

గుర్తు పెట్టుకునుడు ఎట్ల అంటే, నేను చేసే పని ఇది. అసలు ఫైల్ మీద చెయ్యను. అయిదు బండ్ల ఉత్తుత్తి లిస్టు ఒకటి ఉంచుకుంట. నీకు కూడా అట్లనే ఒకటి చేసుకో: ఒకటి తేమ 16.8, దాని తర్వాత ఒకటి 16.2, ఒకటి 18 దాటింది మధ్యల, ఒకదానికి తరుగు సున్నా, ఒక టోకెన్ రెండుసార్లు. నీ కష్టాలన్నీ ఆ అయిదింట్ల ఉన్నయి. జవాబు ముందు కాగితం మీద చేత్తో రాసుకో. తర్వాత కొత్త ఫంక్షన్ ఏది వాడినా ముందు ఒకసారి, వెనక ఒకసారి, అర్రే లోపల ఏమున్నదో చూపించే వార్_డంప్ కొట్టి చూడు. ప్రింట్_ఆర్ చూడ సొంపుగ ఉంటది గని, కీ అంకెనా స్ట్రింగా అన్నది చూపించదు. వార్_డంప్‌లో అంకె కీకి కోట్లు ఉండవు, స్ట్రింగు కీకి ఉంటయి. "0125", 125 తేడా అక్కడ కంటికి కనిపిస్తది. కీలు ఉన్నయా, పోయినయా, గడులు ఎన్ని పోయినయి, ఆ మూడు చూసినవంటే ఆ ఫంక్షన్ నీకు వచ్చినట్టే.

రేపు పొద్దున మొదలు + గుర్తు, యూఏసార్ట్, అర్రే_వాల్యూస్ ఈ మూడు మార్చు, గంట పని. తరుగు ఫిల్టర్‌ను అంతకంటే ముందే ఆపెయ్యి, అది ఉన్నన్ని రోజులు ఎవరో ఒకరి పేరు తప్పుతనే ఉంటది. ఒకే టోకెన్ మీద రెండోసారి కాంటా పడితే అది రెండో ట్రాక్టరా, ఆరబోసి తెచ్చిందా అన్నది మాత్రం నువ్వు కోడ్‌లో తేల్చలేవు. మీ గుమాస్తాను అడుగు, కాంటా చీటీలో దానికి వేరే గుర్తు ఏమన్న పెడుతున్నరా అని. పెడితే ఆ గడి కూడా ఫైల్‌ల వస్తున్నదా చూసి నాకు రాయి, ఆ లూపు ఇద్దరం కలిసి రాద్దాం.